ఆగగల ఒళ్లు

వెలుగు పాడ్యమి

ఈ రోజు నుంచి నేను ఎవరిని చూశానో, ఎవరిని వద్దన్నానో, ఎందుకు వద్దన్నానో రాసిపెట్టాలని కంపెనీ ఆజ్ఞ. రాసినదంతా కొలత చదువుకుంటుందట. కొలత అంటే నటుల ఒళ్లు చూసి పాత్రలు పంచే యంత్రం. నా దగ్గర నేర్చుకుని, నా పని అది చేసి, నన్ను ఇంటికి పంపిస్తుందన్నమాట. కొలతా, మొదటి పాఠం విను. నీకు చదువు చెప్పేవాడికి నువ్వంటే ఇష్టం లేదు. అయినా చెప్పడం వచ్చు కాబట్టి చెబుతున్నాడు.

తేదీ వెయ్యమన్నారు. చంద్రుడి మీద కాపురం చేస్తూ భూమి తేదీలు వేసుకునే ముచ్చట నాకు లేదు. సూర్యుడున్న పక్షాన్ని వెలుగంటాను, లేని పక్షాన్ని చీకటంటాను. తిథులే వేస్తాను. కోదండపాణికి ఇష్టం లేకపోతే పంచాంగం చూడడం నేర్చుకోమనండి.

కోదండపాణి అంటే మా చందవలసలో ఉన్న ఒకే ఒక్క సినిమా కంపెనీకి యజమాని. ఒకప్పుడు నేనక్కడే ఒళ్లు ఎంపిక చేసేవాణ్ణి. 'గగనసింహం' తీసేటప్పుడు విభవ్ అనే కుర్రాణ్ణి హీరోగా పెట్టారు. భుజాలు చూస్తే సింహద్వారం, నడుము చూస్తే దాని గడియ. ఈ ఒళ్లు ఎగిరితే బాగుంటుంది గానీ దిగాక నిలబడదు, వద్దు అన్నాను. వినలేదు. మొదటి ఆటలో అతను ఆకాశం నుంచి దిగి, విలన్ ముందు ఆగబోయి, మొహం మీద పడి, అలాగే జారుకుంటూ తెర చివరికి వెళ్లిపోయాడు. జనం విరగబడి నవ్వారు. మర్నాడు కోదండపాణి పత్రికల వాళ్లకి చెప్పిన మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "ఒంటి ఎంపికలో లోపం జరిగింది. బాధ్యుణ్ణి తొలగించాం."

ఆ బాధ్యుణ్ణి ఇప్పుడు మళ్లీ పిలిపించాడు. యంత్రంతో గీయించిన వీరులు కూడా నవ్వులపాలయ్యారు కాబట్టి. ఆ బొమ్మలకి నడక నేర్పింది భూమి సినిమాలతో. అవి భూమి మీద నడిచినట్టే నడుస్తాయి. ఇక్కడ పుట్టిన పిల్లలు మొదటి అడుగుకే పొట్ట పట్టుకుంటారు.

వెలుగు తదియ

కొలత ఏరిపెట్టిన కుర్రాళ్లందరూ వచ్చారు. వాళ్లలో విభవ్ కూడా ఉన్నాడు. వయసు వచ్చింది, భుజాలు ఇంకా పెరిగాయి, బుద్ధి ఎక్కడుందో అక్కడే ఉంది. ఒక్కొక్కడూ చొక్కా విప్పి గోడకి చేరబడి నిలబడ్డాడు, వడ్రంగి కొట్టులో మంచం కోళ్లలాగా.

"ఏం చెయ్యాలి సార్?" అని అడిగాడు ముందున్నవాడు.

"నన్ను భుజం మీద ఎత్తుకో."

"అంతేనా సార్?" అని నవ్వాడు. నిజమే. ఇక్కడ నా బరువెంత? దిండంత.

"ఎత్తుకుని పరిగెత్తు. ఆ సుద్దగీత దగ్గర ఆగు."

పరిగెత్తాడు. నేలంతా అరికాలికి పట్టునిచ్చే గరుకు పరుపే కాబట్టి పరుగు బాగానే సాగింది. గీత దగ్గర అతని కాళ్లు ఆగాయి. భుజాలు ఆగలేదు. భుజం మీదున్న నేను అసలే ఆగలేదు. గోడకి దూదిపరుపులు కట్టించి ఉంచాను కాబట్టి ఇది రాయడానికి మిగిలాను.

కొలతా, రాసుకో. ఇక్కడ బరువు తగ్గింది గానీ విసురు తగ్గలేదు. వేగంగా వచ్చిన ఒళ్లు ఎక్కడైనా వేగంగానే వస్తుంది. ఆపడానికి మాత్రం నేల సాయం ఆరో వంతే. పైన బరువున్నవాడు బోర్లా పడతాడు. ఈ సంగతి చందవలసలో చంటిపిల్లకి తెలుసు. నీకు తెలియదు. నువ్వు చూసిన వేలవేల అందమైన ఒళ్లన్నీ భూమి మీదవి.

సాయంత్రానికల్లా వాళ్లందరి భుజాల మీద నుంచీ ఎగిరాను. ఎగరడంలో నాకు మంచి ప్రావీణ్యం వచ్చింది.

వెలుగు పంచమి

కోదండపాణి గదికి పిలిపించాడు. పక్కన డైరెక్టరు తరణి కూర్చుని ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలివైనది. కానీ జీతం కోదండపాణి ఇస్తున్నాడు కాబట్టి అప్పుడప్పుడూ తెలివిని సంచిలో పెట్టుకుంటుంది.

"మాస్టారూ, కొలత పంపిన ఒక్కరూ మీకు నచ్చలేదా?" అన్నాడు కోదండపాణి.

"నచ్చారు. గోడకి తగిలించుకోవడానికి బాగుంటారు."

"సూపర్ హీరో అంటే ఎలా ఉండాలండీ? చూడగానే దండం పెట్టాలనిపించాలి కదా?"

"మన శిల్పులు దేవుళ్లకి సన్నటి నడుములు చెక్కారు. చెక్కి గోడల మీద నిలబెట్టారు. మరి స్తంభం కింద, కప్పు బరువంతా పడే చోట ఎవరిని కూర్చోబెట్టారో ఎప్పుడైనా చూశావా? బానపొట్ట, లావు తొడలు, పొట్టి మెడ ఉన్నవాళ్లని. వాళ్లకి శాస్త్రం తెలుసు. నీకు పోస్టరు తెలుసు."

తరణి నవ్వాపుకోవడానికి మంచినీళ్లు తాగింది.

"అయితే కథ కూడా మార్చమంటారా?"

"ఎగరడం తీసెయ్. పెద్ద గుహలో రెక్కలు కట్టుకుని రోజూ బడిపిల్లలు ఎగురుతున్నారు. డబ్బులిచ్చి టికెట్టు కొని అదే చూస్తారా? ఈ ఊళ్లో ఎవడూ చెయ్యలేని పని చూపించు. మంచు బండిని ఆపించు."

తరణి మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. గని నుంచి నీళ్లకోసం మంచు తెచ్చే బండ్లు సొరంగం వాలులో తప్పించుకుంటే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు దాని దారిలో పడ్డవాళ్లే. మా ఇంటావిడ మాణిక్యాంబ కూడా. ఇంతకంటే ఆ సంగతి ఈ యంత్రానికి చెప్పను.

"మనిషి ఆపగలడా?" అంది తరణి నెమ్మదిగా.

"ఆపగల ఒళ్లు దొరకాలి," అన్నాను.

వెలుగు సప్తమి

దొరికింది. వెతికితే కాదు, కోపంతో పరిగెత్తితే దొరికింది.

గోడకి నేను కట్టించిన దూదిపరుపులు ఎవరో పట్టుకుపోయి విభవ్ గదిలో వేశారని తెలిసింది. కోదండపాణితో పోట్లాడడానికి బయల్దేరాను. వయసు మరిచి క్యాంటీన్ నడవలో అంగలు వేశాను. మలుపు దగ్గర ఆగుదామనుకునేటప్పటికే ఆలస్యమైంది. ఎదురుగా రాతిగోడ. చేతిలో టీ ఫ్లాస్కు. ఇక్కడితో చరిత్ర సరి అనుకున్నాను.

గోడకీ నాకూ మధ్యకి ఎవరో వచ్చి తుంటి అడ్డం పెట్టారు. అంతే. ఇసకదిబ్బకి చేరిన పడవలాగా ఆగిపోయాను. ఫ్లాస్కులో టీ కూడా తొణకలేదు.

"ఏటి తాతా, సూసుకోవా? నానుండబట్టి సరిపోనాది. నేకపోతే గోడకి బొమ్మయిపోదువు."

నలభైకి దగ్గర పడుతున్న ఆడమనిషి. పొట్టి. వెడల్పు. నడుము ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం కష్టం. తొడలు ధాన్యం బస్తాలు. నన్నాపినప్పుడు ఆమె పాదాలు వెంట్రుకవాసి కూడా జరగలేదు. చేతిలో రాగులతో కాచిన చోడంబలి గిన్నె అలాగే ఉంది, తాగుతూనే ఉంది.

"నీ పేరేమిటమ్మా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. నడవలో ఉన్న మరో ఇద్దరు కూడా చూశారు.

"నీకు తెల్దా? సన్యాసమ్మని నాను. కబడ్డీ సన్యాసమ్మని. ఏ గదిలో పడుకుంటన్నావు తాతా ఇన్నాళ్లూ?"

పుస్తకాల గదిలో, అని చెప్పాను. ఊరంతటికీ తెలిసిన మనిషి నాకు తెలియదు. చందవలస జట్టులో చివరి గీత దగ్గర నిలబడేదట. కూతకొచ్చిన ఆటగాడు ఎంత విసురుగా వచ్చినా ఆమె తుంటికి తగిలి చచ్చేవాడట. ఇప్పుడు ఆడపిల్లలకి ఆట నేర్పుతోంది.

"సినిమాలో వేస్తావా?"

"ఏ ఏసం? వంటమనిసా, హీరోకి అత్తా?"

"హీరో."

ఆమె అంబలి గిన్నె దించింది. మొదటిసారి.

వెలుగు అష్టమి

సుద్దగీత పరీక్ష. తరణి కూడా వచ్చింది.

"ఎక్కు తాతా, ఎక్కు. గట్టిగా జుట్టు పట్టుకోకు, నూనె రాసినాను," అంది సన్యాసమ్మ. నన్ను భుజాన వేసుకుని పరిగెత్తింది. ఇంతవరకూ నన్ను మోసినవాళ్లందరికంటే వేగంగా పరిగెత్తింది. గీత దగ్గర వెనక్కి వాలి, మోకాళ్లు వంచి, కూర్చోబోతున్నట్టుగా దిగింది. ఆగింది. నేను కళ్లు మూసుకుని గోడ కోసం ఎదురుచూస్తున్నాను. గోడ రాలేదు.

"దిగుతావా, నేక ఇక్కడే కాపరం ఉంటావా?"

తరణి చప్పట్లు కొట్టింది. తర్వాత ఇద్దరూ బేరానికి కూర్చున్నారు.

"నా అంబలి మానమనకూడదు. పొద్దుటేల ఆడగుంటలకి కబడ్డీ సెప్పాల, ఆ ఏలకి నన్ను పిలవకూడదు. ఇంకోటి. తెర మీద నా మొకం కనబడాల."

"మొహం కనబడక ఎక్కడికి పోతుంది?" అంది తరణి.

"అది మీకే తెలవాల. సినిమావోలు కదా."

నేను నవ్వాను. తరణి నవ్వలేదు. ఎందుకో అడగలేదు.

వెలుగు దశమి

కోదండపాణి ఆమెని చూశాడు. చూసి నన్ను పక్కకి తీసుకెళ్లాడు.

"మాస్టారూ, మీకు నా మీద పగ ఉందని తెలుసు. కానీ దాన్ని ఇలా తీర్చుకోవాలా?"

"ఆమె ఆగడం చూశావా?"

"ఆగడం సంగతి సరే. ఆవిణ్ణి చూసి పిల్లలు దిండ్ల మీద బొమ్మలు వేయించుకుంటారా? కొలతని అడిగాను. అది ఈమెకి ఇచ్చిన స్థానం ఏమిటో తెలుసా? 'నేపథ్యంలో జనం'."

"కొలతకి నేను గురువుని. గురువు చెబుతున్నాడు, హీరో అని."

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పందం రాసుకున్నాం. ట్రయల్ షోలో మంచు బండి దృశ్యానికి జనం నవ్వితే నేను పని వదిలి దిగువ సొరంగానికి వెళ్లిపోవాలి. పని లేని ముసలివాళ్లు ఉండే చోటు అది. కిటికీ ఉండదు. నవ్వకపోతే హీరో ఒళ్లు సన్యాసమ్మదే, పోస్టర్లతో సహా.

"నవ్వుతారు," అన్నాడు.

"గగనసింహానికి నవ్వరన్నావు."

వెలుగు త్రయోదశి

ఈ రోజు సన్యాసమ్మ గీత దాటింది.

రిహార్సల్లో నన్ను మోసుకుని వచ్చి, వెనక్కి వాలి, ఆగలేక రెండడుగులు ముందుకి తూలింది. నేను పడలేదు, పట్టుకుంది. కానీ ఆమె మొహం పాలిపోయింది. అంతవరకూ ఎన్నడూ గీత దాటని మనిషి.

"ఏమైంది?"

"తెల్దు తాతా. మొలలో బలం నేదు."

దుస్తుల వాళ్లు కుట్టిన సూటు చూశాను. నడుము దగ్గర లోపల రెండు పొరల గట్టి పట్టీ. ఊపిరి పీల్చడానికే చోటు లేదు, వెనక్కి వాలడానికి ఎక్కడ? క్యాంటీన్‌కి వెళ్లి అడిగాను. ఆమెకి చోడంబలి బదులు నాలుగు రోజులుగా ఆకుపచ్చ రసం పంపిస్తున్నారు. కంపెనీ వ్యాయామ శిక్షకుడి ఉత్తరువు. "కొంచెం ఆకారం రావాలి కదండీ" అన్నాడు అతను నాతో, ఉపకారం చేసినవాడిలాగా.

ఆకారం! కొలతా, ఈ మాటకి నీ దగ్గర ఒకే అర్థం ఉంది. ఎంత దూరం మోసుకొచ్చారు ఆ అర్థాన్ని! భూమి మీద ఏ జిమ్ము అద్దంలోనో పుట్టి, రాకెట్టెక్కి, ఇక్కడ ఒక ఆడమనిషి మొల బిగించడానికి వచ్చింది.

"నాకు సెప్పనేదేటి?" అని సన్యాసమ్మ శిక్షకుణ్ణి అడిగింది. "పాలిచ్చే గేదెని పస్తు పెడతావా నువ్వు?"

"సినిమాకి అందరూ తగ్గుతారమ్మా."

"నాను తగ్గితే ఆ బండి నా మీద నుంచి ఎల్తాది. నువ్వొచ్చి ఆపుతావా?"

కత్తెర తెప్పించి పట్టీని నేనే కోశాను. కోస్తూ చాలా సంతోషించాను. అంబలి మళ్లీ మొదలైంది.

చీకటి విదియ

గని సొరంగంలో షూటింగ్. కోదండపాణి రాలేదు, భయం అన్నాడు తరణితో. నాతో మాత్రం పని ఉందన్నాడు.

బండికి సగమే మంచు నింపుదామంది తరణి.

"ఒద్దమ్మా. సగం బండి సప్పుడు మా గుంటలకి కూడా తెలుసు. నిండా ఏసీండి."

"సన్యాసమ్మ గారూ, ప్రమాదం..."

"నీ సేతిలో బ్రేకు తాడు ఉంది కదా. నాను గావుకేక పెడితే లాగు. అంతవరకూ లాగకు. ముందే లాగినావంటే నీకూ నాకూ సెడిపోతాది."

బండి వదిలారు. ఆ చప్పుడు మొదలవగానే లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా గోడకి అంటుకుపోయారు. అలవాటు. సన్యాసమ్మ సొరంగం మధ్యలో నిలబడి, చేతులు తుడుచుకుని, కబడ్డీ గీత దగ్గర నిలబడినట్టే వంగింది. బండి వచ్చి రెండు అరచేతులకీ తుంటికీ తగిలింది. పాదాలు పరుపుని చీల్చుకుంటూ వెనక్కి జారాయి. జారాయి, జారాయి. ఆమె నోట్లోంచి కేక రాలేదు. కూత వచ్చింది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని, ఊపిరి తెగకుండా, ఒకే గొంతుతో.

బండి నెమ్మదించింది. ఆగింది.

తరణి బ్రేకు తాడు పట్టుకున్న చేతిని చూసుకుంది. లాగలేదు. వేళ్లు మాత్రం విప్పుకోవడం లేదు. నేనే వెళ్లి ఒక్కొక్కటీ విప్పాను.

"ఇంకోపాలి సెయ్యాలా?" అంది సన్యాసమ్మ, వగరుస్తూ.

"వద్దమ్మా," అంది తరణి. "ఇంక ఎవరూ ఎప్పుడూ చెయ్యక్కర్లేదు."

బండి ఆగగలదని నాకు తెలియదు. ఇంతకాలం ఆగదనే నమ్మి బతికాను.

చీకటి షష్ఠి

ఎడిటింగ్ గదికి వెళ్లాను. తెర మీద బండి ఆగుతోంది. ఆపుతున్న మనిషి మెడ మీద విభవ్ మొహం ఉంది.

గదిలో తరణి తల వంచుకుని కూర్చుంది. కోదండపాణి కూర్చోలేదు.

"ఒళ్లు మీరు ఎంచిందే, మాస్టారూ. ఒక్క అంగుళం ముట్టుకోలేదు. ఛాతీ దగ్గర కొంచెం, గడ్డం దగ్గర కొంచెం... మొహం జనానికి తెలిసినదై ఉండాలి కదా. ఆవిడ ఎవరికి తెలుసు?"

"ఒప్పందం?"

"ఒప్పందంలో ఒళ్లు అన్నాం. మొహం సంగతి రాసుకోలేదే!"

కోదండపాణీ, సినిమా అయ్యాక ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నాను. నేను చదివినన్ని పుస్తకాల్లో ఎందరో దొంగలున్నారు. నగలెత్తుకుపోయినవాళ్లు, రాజ్యాలెత్తుకుపోయినవాళ్లు. మనిషి మెడ మీద నుంచి మొహం ఎత్తుకుపోయి, ఒళ్లు మాత్రం వదిలేసినందుకు మెచ్చుకోమన్నవాడు నాకు తారసపడలేదు. నీ కోసం పుస్తకంలో కొత్త అధ్యాయం కావాలి.

సన్యాసమ్మకి నేనే వెళ్లి చెప్పాను. పిల్లలకి కూత నేర్పుతోంది. విని, ఈల వేసి ఆట ఆపించింది.

"నాను ముందే అడిగినాను కదా తాతా."

"అడిగావు."

"మొకం మీద రంగేసినప్పుడే అనుకున్నాను. అంత పల్సగా ఏసినారేటి అని." ఈలని చెంగుతో తుడుచుకుంది. "నా ముందు పుట్టిన మా అప్ప సచ్చిపోనాది బండి కిందే. నాను ఆపినట్టు అది ఎక్కడి నుంచైనా సూడాలని... పోనీలే, ఒగ్గీ."

"ఒగ్గను," అన్నాను.

ట్రయల్ షో రద్దు చెయ్యమని, లేకపోతే పత్రికలకెక్కుతానని కోదండపాణిని బెదిరించాలనుకున్నాను. ఉత్తరం కూడా రాశాను, అందమైన ఉత్తరం. తర్వాత చించేశాను. ఈ ఉత్తరం చదివి చలించేంత పుస్తకజ్ఞానం అతనికి లేదు. పైగా ట్రయల్ షోకి టికెట్లు ఎవరికి పంచాడో అప్పుడే తెలిసింది: గని కార్మికుల కుటుంబాలకి. ఉచితంగా వస్తారని, మెచ్చుకుంటారని. కబడ్డీ కూలివాళ్ల ఆట అని అతను ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే ఆ తప్పు చేసేవాడు కాదు.

నోరు మూసుకుని ట్రయల్ షో కోసం ఎదురుచూస్తాను. నా జీవితంలో నేను నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి.

చీకటి దశమి

హాలు నిండింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. ముందు వరసలో కోదండపాణి, విభవ్. విభవ్ కొత్త కోటు. సన్యాసమ్మ రానంది. ఆమె కబడ్డీ పిల్లలు బలవంతంగా లాక్కొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టారు.

సినిమా మొదలైంది. మామూలు కథే. విభవ్ మాట్లాడతాడు, విభవ్ బాధపడతాడు. జనం వేరుశనగలు తింటున్నారు. తర్వాత సొరంగం వచ్చింది. బండి చప్పుడు వచ్చింది.

వేరుశనగలు ఆగిపోయాయి. నిండా నింపిన బండి చప్పుడు అది. ముందు వరసలో ఒకావిడ కాళ్లు పైకి ముడుచుకుంది.

తెర మీద ఆ మనిషి సొరంగం మధ్యలో నిలబడి, చేతులు తుడుచుకుని, వంగింది. మెడ మీద విభవ్ మొహం నవ్వుతోంది.

"ఓలమ్మా," అంది ఎవరో ముసలావిడ. "అది మన సన్యాసమ్మ కాదేటి?"

"మొకం మగోడిదే!"

"మొకం కాదే, ఆ వంగడం సూడు! ఆ మొల సూడు!"

బండి తగిలింది. పాదాలు జారుతున్నాయి. కూత వినిపించింది. గొంతు కూడా మార్చి విభవ్‌ది పెట్టారు. కానీ కూత తెగని ఊపిరి ఎవరిదో ఈ ఊరికి తెలుసు. వెనక వరసలో ఉన్న ఆడపిల్లలు ఒకేసారి అందుకున్నారు: "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." వరస వరసా అందుకుంది. బండి ఆగేసరికి హాలంతా ఒకే కూత.

ఆగింది. ఎవరూ నవ్వలేదు.

ఎక్కడో ఒకరు వెక్కుతున్నారు. నేను నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. మాణిక్యాంబా, చూశావా, ఆగింది.

అప్పుడు మొదలైంది గోల.

"సన్యాసమ్మ ఒంటికి ఆ మొకం ఎవడెట్టినాడ్రా?"

"తియ్యండ్రా మొకం!"

"మా సన్యాసమ్మ మొకం మాకు ఎట్టీండి!"

జనమంతా వెనక్కి తిరిగారు. సన్యాసమ్మ కుర్చీలో ముడుచుకుపోయింది, అంత ఒళ్లున్న మనిషి ముడుచుకోగలిగినంత. పిల్లలు ఆమెని ఎత్తారు. ఇక్కడ ఎత్తడం సులువు కదా, చేతుల మీదుగా ముందు వరస దాకా తేలుతూ వచ్చింది, "ఒగ్గీండిరా, పడిపోతాను" అని తిడుతూ. విభవ్ లేచి, పాపం, తన కుర్చీ ఇచ్చాడు. ఆ కుర్రాడు చేసిన మొదటి మంచి ఎంపిక అది. నేను మెచ్చుకున్నాను. రాసుకో.

కోదండపాణి ముందు తెల్లబోయాడు. తర్వాత అతని మొహంలో లెక్క మారడం కళ్లారా చూశాను. చప్పట్లు ఎటు ఉంటే అటు పరిగెత్తే మనిషి. ఒక్క గంతులో వేదిక ఎక్కాడు.

"ఆమే!" అని అరిచాడు. "మొదటి నుంచీ ఆమే మా హీరో! ఇది మీకోసం దాచిన రహస్యం! మీరు కనిపెడతారో లేదోనని..."

అంటూ రెండు చేతులూ చాచి ఆమె వైపు పరిగెత్తాడు. వేదిక మీద గరుకు పరుపు లేదని మరిచిపోయాడు. మధ్యలో తెలిసింది. కాళ్లు ఆగాయి. మిగతా కోదండపాణి ఆగలేదు. కోటు రెపరెపలాడుతూ, నోరు తెరుచుకుని, వేదిక అంచు దాటి, ముందు వరస పక్కనున్న రాతిగోడ వైపు తేలుతూ వెళ్తున్నాడు. గగనసింహం కంటే ఎంతో బాగా ఎగిరాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

సన్యాసమ్మ కుర్చీలోంచి లేచింది. ఒక్క అడుగు పక్కకి వేసింది. తుంటి అడ్డం పెట్టింది.

ఆగిపోయాడు.

అప్పుడు నవ్వారు జనం. ఆ నవ్వు ఒప్పందంలోకి రాదు. అది బండికి కాదు.

వెలుగు పాడ్యమి

మొహం వెనక్కి వచ్చింది. తరణి తన చేత్తోనే మార్చింది. గొంతూ వచ్చింది. గోడల మీద పోస్టర్లు: వెనక్కి వాలి, మోకాళ్లు వంచి, రెండు అరచేతులు చాచిన సన్యాసమ్మ. కింద సినిమా పేరు, 'నిలిచింది'. ఇంకా కింద, చిన్న అక్షరాల్లో కాదు, పెద్ద అక్షరాల్లోనే: ఒంటి ఎంపిక, శేషావతారం. నా పేరే. ఆ అక్షరాల ఎత్తుని నేనే దగ్గరుండి కొలిచాను.

హాలు బయట వరస నడవ మలుపు దాకా ఉంది. కంపెనీ గుమ్మం దగ్గర కూడా వరస ఉంది. వచ్చే సినిమాకి ఒంటి పరీక్షలు. నిన్నటిదాకా కొలత 'నేపథ్యంలో జనం' అన్నవాళ్లంతా వచ్చారు. వెడల్పువాళ్లు, పొట్టివాళ్లు, తొడలున్నవాళ్లు. ఒకావిడ అంబలి కారియర్ కూడా తెచ్చుకుంది. దూదిపరుపులు మళ్లీ గోడకి కట్టించాను.

కోదండపాణి మెడకి పట్టీతో వచ్చాడు.

"మాస్టారూ, ఆవిడ ఆపకపోతే నా తల గోడకి తగిలేది."

"అవును. ఆమె ఆపింది."

"మీరైతే ఆపేవారా?"

"నాకు ఆపే ఒళ్లు లేదయ్యా," అన్నాను.

అతను వెళ్లాక కొలతని తెరిచి ఈ పక్షం నుంచి ఆ పక్షం దాకా రాసినదంతా దానికి చదివించాను. తర్వాత సన్యాసమ్మ బొమ్మ చూపించి, పాత్ర చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, 'హీరో' అంది.

సరే. ఇంక గుమ్మం దగ్గర వాళ్లని పిలవాలి. మొదటి ఆవిడ అప్పుడే చెంగు దోపుకుని, "ఎక్కు తాతా" అంటోంది.